మూడు అద్దాల అవతల అధికారి

ఆ ఉదయం ఇంజినీరమ్మ చేయవలసిన పనులు ఇవి: వేడిగదిలో హీటరు వేసి ముప్పై డిగ్రీలకు తేవాలి. పక్కనున్న చలిగదిని నీళ్ళు గడ్డకట్టేంత చల్లబరచాలి. రెండు గదుల మధ్య గోడలో కొత్త కిటికీ బిగించాలి. అగ్గిపుల్ల గీసి ఆరు మంటలు లెక్కపెట్టాలి. కార్ఖానాలో అద్దాలు కడిగే తన మేనత్త చేత అద్దం కడిగించాలి. పరీక్షాధికారి వచ్చాక కంగారు పడకూడదు.

చివరిది తప్ప అన్నీ తొమ్మిదిన్నరకల్లా అయిపోయాయి.

ఆరు మంటల సంగతి చెప్పాలి. ఆ కిటికీకి మూడు అద్దాలు. ముందు అగ్గిపుల్ల వెలిగిస్తే, అద్దానికి రెండు ముఖాల చొప్పున, ఆరు చిన్న మంటలు ఒకదాని వెనక ఒకటి లోలోపలికి నడిచి వెళ్తున్నట్టు కనిపిస్తాయి. అందులో రెండింటి రంగు వేరు. అక్కడ కంటికి ఆననంత పలచని వెండి పూత ఉందని గుర్తు. ఆ పూత వెలుగును రానిస్తుంది, గదిలోని వేడిని మాత్రం వెనక్కి తిప్పి పంపుతుంది. అద్దాల నడుమ గాలికి బదులు వేడిని సులువుగా మోయని వాయువు నింపారు. ఇంత చేసినా, అద్దాలను దూరంగా పట్టి ఉంచే అంచు పట్టీ అల్యూమినియంది కావడంతో, దాని గుండా వేడి దొంగలా జారిపోయేది. ఆ పట్టీ తీసేసి కొత్తరకం పట్టీ పెట్టింది ఇంజినీరమ్మ. దానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ మంటలు లెక్కపెట్టినప్పుడల్లా ఆమె ఊపిరి బిగపడుతుంది.

ఈ కిటికీ నెగ్గితే ఇలాంటి కిటికీలు నలభై, ఊరి ఆసుపత్రిలోని పసిపిల్లల వార్డుకు వెళ్తాయి. ఓడితే అక్కడి నర్సులు ఇంకో చలికాలం కూడా ఒంటి అద్దాల కిటికీలకు దుప్పట్లు కట్టి, ఉయ్యాలలను గోడవైపు జరుపుతూ గడపాలి. ఆమె ఆ వార్డు చూసొచ్చింది. ఆ రోజు అన్నం సయించలేదు.

పరీక్ష సూటిగా ఉంటుంది. వేడిగది ముప్పై దగ్గరే నిలబడడానికి హీటరు ఎంత కరెంటు తాగితే, అంత వేడి పోతున్నట్టు. గోడల లెక్క ముందే తెలుసు కాబట్టి మిగిలింది కిటికీ ఖాతాలోకి వస్తుంది.

"తలుపు తెరిచి ఉంటే లెక్కంతా పాడవుతుంది. కనబడిన వెంటనే మూసెయ్," అని మేస్త్రికి ఆమె పదిసార్లు చెప్పింది. మేస్త్రి చెప్పింది చేసే మనిషి.

పరీక్షాధికారి కోటు, టై వేసుకుని వచ్చాడు. భారీ మనిషి. అద్దానికి అంటించిన, వేడి కొలిచే తీగలు చూద్దామని, ఎవరికీ చెప్పకుండా తలుపు తీసుకుని వేడిగదిలోకి నడిచాడు. వెనకే వచ్చిన మేస్త్రి తెరిచి ఉన్న తలుపు చూసి, గుండె గుభేలుమని, దాన్ని టక్కున మూసేశాడు. ఆ తలుపుకు లోపల పిడి లేదు. పిడికి కన్నం పెడితే వేడి పోతుందని పెట్టలేదు.

"అధికారిగారేరీ?" అంది ఇంజినీరమ్మ.

"టీకి వెళ్ళినట్టున్నారమ్మా. తలుపు బార్లా తీసి పోయారు. చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎట్లా?"

ఆమె వెళ్ళి మీటరు ముందు కూర్చుంది.

చలిగదిలో కార్ఖానా ఓనరుగారు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని నిలబడ్డారు. పక్కన మేనత్త, చేతిలో తుడిచే గుడ్డ. కిటికీ అవతల అధికారి కనబడేసరికి ఓనరుగారి ముఖం వెలిగిపోయింది.

"చూశావా, అప్పుడే పనిలో దిగిపోయారు!"

అధికారి వేలితో అద్దాన్ని తట్టాడు.

ఆ కార్ఖానాలో అద్దాలు కడిగేవాళ్ళు ఇద్దరిద్దరుగా, చెరోవైపు నిలబడి పనిచేస్తారు. మాట వినపడదు కాబట్టి సైగలే వాళ్ళ భాష. వేలితో తడితే 'ఇక్కడ మరక ఉంది' అని. రెండు చేతులూ ఊపితే 'శుభ్రమైంది, చాలు' అని. ఓనరు నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ అది మాతృభాషే.

మేనత్త తట్టిన చోట తుడిచింది. అధికారి మళ్ళీ గట్టిగా తట్టాడు. ఆవిడ మళ్ళీ గట్టిగా తుడిచింది.

"నా వైపు ఏం లేదండీ, మీ వైపే ఉంది," అని చేత్తో చూపించింది.

అధికారి నోరు పెద్దగా తెరిచి ఏదో అన్నాడు. మూడు అద్దాలు ఒక్క అక్షరం కూడా దాటనివ్వలేదు. అప్పుడాయన రెండు చేతులూ ఎత్తి తెగ ఊపాడు.

"శుభ్రంగా ఉందంటున్నారు!" ఓనరుగారు చప్పట్లు కొట్టారు. "మన సైగలు కూడా నేర్చుకుని వచ్చారు, ఎంత మంచి మనిషి!" అంటూ ఆయనా రెండు చేతులూ ఊపారు. ఇద్దరూ ఒకరికొకరు చాలాసేపు ఊపుకున్నారు.

ఆ తర్వాత అధికారి చెంపను అద్దానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"మన కిటికీ మీద ముద్దొచ్చినట్టుంది," అన్నారు ఓనరుగారు.

అవతల మీటరు ముందు ఇంజినీరమ్మ అంకె మీదికి వంగింది. హీటరు తాగే కరెంటు తగ్గుతోంది. తాను లెక్కగట్టిన చోట ఆగకుండా, సగానికి దిగి, ఇంకా దిగుతోంది. ఇంత వేడిని ఆపే కిటికీ ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేనత్త పరుగున వచ్చింది. "ఏమే, ఆ పెద్దాయన టై విప్పేశాడే! మరక కోసం ఎవడైనా టై విప్పుతాడా?"

"ఏ పెద్దాయన అత్తా?"

"ఇంకెవరు, లోపలున్నాయన. గంతులేస్తున్నాడు కూడా!"

ఇంజినీరమ్మ మీటరు వైపు చూసింది. ఆ అంకె ఎవరిదో అర్థమై ముఖం పాలిపోయింది.

తలుపు తీసేసరికి ఆయన లోపల చిక్కి నలభై నిమిషాలైంది. అధికారి తడిసి ముద్దై బయటికొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"మా కిటికీ ఎలా ఉందండీ?" ఓనరుగారు ఆశగా అడిగారు.

"సార్, ముందు నా మాట వినండి," అంది ఇంజినీరమ్మ. "మీరు లోపలున్నంతసేపూ మీ ఒంటి వేడి కూడా హీటరు పని చేసింది. అందుకే కరెంటు అంత తక్కువ పట్టింది. అంత గొప్ప అంకె నా కిటికీది కాదు, మీది. దాన్ని కొట్టేయండి."

వెనకనుంచి ఓనరుగారు రెండు చేతులూ ఊపారు. ఈసారి ఆ సైగకు 'శుభ్రమైంది' అని ఎవరూ అర్థం చెప్పుకోలేదు.

అధికారి నీళ్ళు తాగి, అంకె కొట్టేశాడు.

"అరిచాను, వినబడలేదు. తట్టాను, తుడిచారు," అన్నాడు. "అవతల మీరంతా వణుకుతున్నారు. కాస్త చల్లగా తగులుతుందని చెంప ఆనించాను. తగల్లేదు. వీపు ఆనించాను. తగల్లేదు. అంచుల్లోనైనా దొరక్కపోదని నాలుగు మూలలూ తడుముకున్నాను." ఆయన ఇంజినీరమ్మ వైపు వింతగా చూశాడు. "అంచుల్లో కూడా లేదమ్మా. ఏం చేశావు అక్కడ?"

మేనత్తే అందుకుంది. "రెండేళ్ళు నిద్ర మానేసిందండీ."

మధ్యాహ్నం అందరినీ బయట నిలబెట్టి, తలలు లెక్కపెట్టి, పరీక్ష మళ్ళీ చేశారు. ఉదయమంత అద్భుతమైన అంకె రాలేదు. ఆమె లెక్కగట్టిన అంకె వచ్చింది, అచ్చంగా అదే. అధికారి దాని కింద సంతకం చేశాడు. నలభై కిటికీలూ వార్డుకు వెళ్ళాయి, దుప్పట్లు పిల్లల మీదికి వచ్చాయి.

మీరెప్పుడైనా చలికాలంలో కిటికీ పక్కనే హాయిగా నిద్రపోతున్న పసిబిడ్డను చూస్తే, ఆ అధికారిని ఒక్కసారి తలుచుకోండి. ఆ అద్దం నుంచి కాస్త చల్లదనం రాబట్టాలని ఆయనంత పాటుపడినవారు ఇంకెవరూ లేరు.