చాచిన చెయ్యి

ఆ ఆదివారం పొద్దున మన్సూర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చదరంగం టోర్నమెంటులో ఆఖరి ఆట గెలవాలి, జిల్లా జట్టులో చేరాలి. డ్రా అయితే అర పాయింటు తక్కువై ఇంటికే. కొత్తగూడెంలో దర్జీ పని చేసుకుంటూ పదకొండేళ్లుగా ఆడుతున్నాడు, జట్టు మొహం చూడలేదు. టిఫిన్ డబ్బా చేతికిస్తూ భార్య ఫజిలత్ తేల్చి చెప్పింది.

"ఈసారి గూడ జట్టుల రాకపోతే ఆట బంద్. ఆ చెక్క బోర్డు నాకిచ్చెయ్యున్రి, ఉల్లిగడ్డలు తరుగుత."

"అవ్, తరుగు," అన్నాడు మన్సూర్ ధీమాగా.

ఎదుట కూర్చున్నది అశ్వారావుపేట పామాయిల్ రైతు వెంకటప్పయ్య. డెబ్బై ఏళ్ల మనిషి, ఆటలో నోరు విప్పడు. పదకొండు గంటలకల్లా మన్సూర్‌కు ఒక ఏనుగు ఎక్కువుంది. సరిగ్గా అప్పుడే పెద్దాయన మాటా పలుకూ లేకుండా బల్ల మీదుగా చెయ్యి చాచాడు.

మళ్లీ డ్రానా, అనుకున్నాడు మన్సూర్. పోయిన నెల క్లబ్బులో ఈయన ఇలాగే చెయ్యి చాచి డ్రా అడిగాడు. వద్దనాలి. కానీ పెద్దవాళ్లు చాచిన చేతిని గాలిలో వదిలేయడం వాళ్లింట్లో ఎవరూ నేర్పలేదు. తండ్రి నేర్పినట్టే రెండు చేతులా అందుకున్నాడు. అందుకున్నాక ఇంకేముంది? ఏడుపు దిగమింగుకుని కాగితం మీద చెరో అర పాయింటు రాసి సంతకం పెట్టాడు. వెంకటప్పయ్య దాని వంక చూడనైనా చూడకుండా సంతకం గీకేసి టీకి లేచాడు.

టీ బండి దగ్గర పెద్దాయనే పలకరించాడు. "బాగా ఆడావయ్యా. మీ కొట్టు నంబరుకి ఫోన్ చేస్తే మీ ఆవిడ ఎత్తింది. జట్టులోకి వచ్చేశావని చెప్పేశా. వీధంతా మిఠాయిలు పంచుతానంది."

మన్సూర్ గ్లాసు బండి మీద పెట్టేశాడు. "జట్టేంది? మీరు డ్రా అడిగిన్రు గద!"

"ఏనుగు పోగొట్టుకుని డ్రా అడగడానికి నాకు సిగ్గు లేదా? ఓడిపోయానని చాచానయ్యా ఆ చెయ్యి!"

ఇద్దరూ రొప్పుకుంటూ ఆటలకు తీర్పు చెప్పే ఆర్బిటర్ జయప్రకాశ్ దగ్గరికి పరుగెత్తారు.

"ఇద్దరి సంతకాలున్నయి. జట్టు లిస్టు గోడకు అంటించినం. ఇగ మారదు," అన్నాడాయన.

"నా ఓటమి నాకిప్పించవయ్యా, నీకు పుణ్యముంటుంది," అని వెంకటప్పయ్య చేతులు జోడించాడు. ఓటమి కోసం అంతలా బతిమాలిన మనిషిని ఆ హాలు ఎన్నడూ చూడలేదు. అయినా ఆర్బిటర్ కరగలేదు.

వీధి మొదట్లోనే మన్సూర్ మెడలో దండ పడింది. వద్దు వద్దంటుంటే సిగ్గుపడుతున్నాడనుకుని ఇంకోటి వేశారు. గుమ్మంలోకి వచ్చాక భార్యకు ఉన్నదంతా చెప్పి, బోర్డు అందించాడు. పదకొండేళ్లలో అది అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు.

ఫజిలత్ దాన్ని అందుకుంది. వంటింట్లోకి వెళ్లి, ఆ బోర్డు మీద మొదటి ఉల్లిగడ్డను సరిగ్గా సగానికి కోసింది.