దుర్గాంబగారి ల్యాండింగ్ తీర్పులు

మా చక్రపాణి ఢిల్లీకి విమానంలో వెళ్ళొచ్చానని అమీర్‌పేటలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పైనుంచి చూస్తే మబ్బులు ఏకిన దూదిలా ఉంటాయనీ, కాఫీ మాత్రం బాగోదనీ చెప్పేవాడు. ఆ కాఫీ సంగతి వల్లే అందరూ నమ్మారు. అన్నీ బాగున్నాయంటే అనుమానం వస్తుంది గానీ, కాఫీ బాగోలేదన్న మనిషిని ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎర్రమంజిల్‌లో మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ట్రైనింగుకి ఢిల్లీ వెళ్ళింది మేమిద్దరమే, అదీ రైల్లో. ఆఫీసువాళ్ళు విమానం టికెట్టు ఇస్తామన్నా, తనకి రైల్లో అమ్మే పల్లీలంటే ప్రాణమని చెప్పి నన్ను కూడా రైలెక్కించాడు. తిరిగొచ్చేటప్పుడు నాగపూర్ ప్లాట్‌ఫారం మీద వాళ్ళావిడ దుర్గాంబగారి కోసం బుట్టెడు కమలాపళ్ళు కొన్నాడు. ఇంటికెళ్ళి ఆ పళ్ళు ఒలుస్తూ విమానం కథ చెప్పాడు. "అవునా కాదా, నువ్వైనా చెప్పవయ్యా" అని నావైపు తిరిగాడు. నా నోట్లో కమలా తొన ఉంది. తలూపాను.

ఆ అబద్ధం చాలా ఏళ్ళు సుఖంగా బతికింది. విశాఖపట్నంలో దుర్గాంబగారి చెల్లెలు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలవడంతో దానికి కష్టం వచ్చింది.

"ఏవండీ, ఈసారి విమానంలో వెళ్దాం."

"విమానమెందుకే? శుభ్రంగా గోదావరి ఎక్కితే పడుకుని వెళ్ళొచ్చు."

"పడుకోవడానికి ఇల్లుంది. నాకు మబ్బులు చూడాలనుంది. మీరు చూశారుగా!"

"చూడ్డానికేముంది, దూదే."

"ఆ దూదేదో నేనూ చూస్తాను. కాఫీ తాగన్లెండి, బాగోదన్నారుగా."

ఆవిడ కోరిక ఇవాళ్టిది కాదు. డాబా మీద బట్టలారేస్తున్నప్పుడు విమానం చప్పుడైతే చేతిలో తడిచీర అలాగే పట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా నిలబడిపోతారు. ఆ చీర నీళ్ళు కింద మా బాల్కనీలో పడుతుంటాయి కాబట్టి నాకు బాగా తెలుసు.

మర్నాడు సాయంత్రం పంజాగుట్టలో, మేం రోజూ కూర్చునే ఇరానీ హోటల్లో చక్రపాణి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఎదురుగా మా మూడో మిత్రుడు శివరాములు కూర్చున్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చి ఆ పక్క సందులోనే చీరల దుకాణం నడుపుతున్నాడు.

"నాకు భయమని చెప్పలేను గురూ. ఒకసారి ఎక్కొచ్చినవాడికి ఇప్పుడు భయమేంటంటుంది. తనంతట తనే వద్దనాలి."

"అంటె వదినెకు బుగులు పుట్టాలె, గంతేనా?" అన్నాడు శివరాములు. "ఫికర్ జేయకుండ్రి సార్. ఫోన్‌ల విమానాలు దిగే వీడియోలు మస్తుంటయ్. సూస్తె పానం పోతది. దినానికొకటి పంపుండ్రి, ఆమెనే రైలు టికెట్టు తియ్యమంటది."

చక్రపాణి అతని చేతులు పట్టుకుని రెండో ఉస్మానియా బిస్కట్టు కూడా తనే తినిపించాడు.

మొదటి వీడియోలో విమానం ఆకాశంలో పల్టీ కొట్టి, జోరువానలో నిప్పులు కక్కుతూ దిగింది. దుర్గాంబగారు పప్పు తాలింపు ఆపి మరీ చూశారు. చక్రపాణి ఆశగా నిలబడ్డాడు.

"ఏవండీ, వాన దంచేస్తోంది కదా. నేల చూడండి, మన వంటింటి గచ్చులా పొడిగా ఉంది. ఇది దొంగ వీడియో."

రెండోదాంట్లో రెక్క విరిగింది, పొగ లేచింది.

"పొగ అటు పోతోంది, పక్కనున్న జెండా ఇటు ఎగురుతోంది. గాలికి రెండు బుద్ధులేంటండీ?"

మూడోది చక్రపాణి చాలా శ్రద్ధగా వెతికి తెచ్చాడు. విమానం రోడ్డు మీదే దిగిపోయింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పెదవి విరిచారు.

"వెనకాలే అంత పెద్ద విమానం దిగుతుంటే ఆ గడ్డి కోసేవాడు తలైనా ఎత్తలేదు. వాడికి చెవుడైనా ఉండాలి, మీకు బుద్ధయినా లేకపోవాలి."

"నాకెందుకు లేదు?"

"దొంగదో నిజమో చూసుకోకుండా పంపుతున్నారుగా, అందుకని."

భయపడాల్సిన మనిషికి ఇదో సరదా అయిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. కానీ అమీర్‌పేటలో కాపురమున్నవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. మెట్రో మెట్లు దిగేసరికి చేతిలో గుప్పెడు కరపత్రాలు పడతాయి. ఏ కోచింగ్ సెంటర్లోనైనా, ఏ కోర్సుకైనా మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అంటారు. కూరలకి వెళ్ళిన దుర్గాంబగారు ఎండగా ఉంటే ఏసీ ఉన్న డెమో ఒకటి చూసుకుని కాసేపు కూర్చుని వస్తారు. అందువల్ల ఆవిడకి ప్రతి చదువులోనూ మొదటి పాఠం వచ్చు. జావా ఎందుకు పుట్టిందో తెలుసు. తర్వాత దాని గతి ఏమైందో తెలియదు.

ఇప్పుడావిడ మైత్రీవనం చుట్టుపక్కల గ్రాఫిక్స్ నేర్పే సెంటర్లన్నిట్లోనూ వరసగా డెమోలు వినడం మొదలుపెట్టారు. సంచిలో వంకాయలతో వెళ్ళి, నీడలు ఎటు పడాలో, టైరు నేలకి తగిలితే పొగ ఎంత రావాలో నేర్చుకుని వచ్చేవారు. అపార్ట్‌మెంటు ఆడవాళ్ళంతా తమ ఫోన్లకొచ్చిన వీడియోలు తెచ్చి ఆవిడకి చూపించుకోసాగారు. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూనే "దొంగది", "ఒరిజినల్" అని తీర్పులిచ్చేవారు.

చక్రపాణి పంథా మార్చాడు. దొంగవి పట్టేస్తోంది కాబట్టి నిజమైనవే పంపాలనుకున్నాడు. ఈదురుగాలికి ఊగుతూ, ఒక పక్కకి ఒరుగుతూ దిగుతున్న విమానం ఒకటి దొరికింది.

"ఇది ఒరిజినల్!" అన్నారు దుర్గాంబగారు మెరిసే కళ్ళతో. "చూశారా, గాలి పక్కనుంచి కొడుతోందని ముక్కు అటు తిప్పి వస్తున్నాడు. చక్రం తగలగానే ఎలా సర్దాడో చూడండి! ఇంత గాలిలో దింపినవాడు విశాఖలో దింపలేడా? నాకు ధైర్యం వచ్చేసిందండీ."

ఆవిడకి వచ్చిన ధైర్యమంతా ఈయన దగ్గర్నుంచే పోయినట్టుంది. మంచివి ఏరడానికి రోజూ బోలెడన్ని చూడాల్సి వస్తోందాయె. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు దారిలో పంజాగుట్ట స్టేషన్లో మెట్రో ఆగబోతుంటే కూడా కళ్ళు మూసుకుని స్తంభం పట్టుకునేవాడు. ఒకరోజు ఎదురుసీట్లో పెద్దాయన లేచి చోటిచ్చాడు.

"ఇక లాభం లేదు శివరాములూ. తను పట్టలేని దొంగ వీడియో కావాలి."

"అమీర్‌పేటల దొరకనిదేముంది సార్? చెయ్యిపిద్దాం పాండ్రి. మీరు చెప్పిన తీర్గ విమానాన్ని తిప్పి సూపిస్తరు."

మైత్రీవనం వెనక మేడమీదున్న ఒక సెంటరుకి ముగ్గురం వెళ్ళాం. గ్రాఫిక్స్ చెప్పే ప్రమోద్ మమ్మల్ని కూర్చోబెట్టి, పనేమిటో విని చాలా సంతోషించాడు. "మా స్టూడెంట్స్‌కి లైవ్ ప్రాజెక్టు లేక ఇబ్బందిగా ఉందండీ. ఇదే ఇచ్చేస్తా" అన్నాడు. లైవ్ ప్రాజెక్టు అంటే ఏమిటని మేం అడగలేదు. అడగాల్సింది.

చక్రపాణి ఇంజనీరులా చెప్పుకుపోయాడు. విశాఖ అని తెలిసేలా పక్కన కొండ, సముద్రం ఉండాలి. వాన పడితే నేల తడవాలి. పొగా జెండా ఒకే వైపు పోవాలి. గడ్డి కోసేవాడు కొడవలి పారేసి పరిగెత్తాలి. ఆవిడ తప్పుపట్టినవన్నీ ఒక్కొక్కటే దిద్దించాడు.

వీడియో తయారయ్యాక మళ్ళీ పిలిచారు. లోపలున్న ప్రయాణికుల అరుపులు మాత్రం మిగిలాయట.

"మీ గొంతే ఇవ్వండి సార్, న్యాచురల్‌గా ఉంటుంది."

చక్రపాణి మైకు ముందు నిలబడి "అయ్యో, విమానము ప్రమాదములో ఉన్నదండీ" అన్నాడు, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా. ప్రమోద్ తల అడ్డంగా ఊపాడు. లైట్లు తీసేసి, గోడంత తెర మీద బొమ్మ వేశాడు. సముద్రం పైకి లేచింది, విమానం కిందికి జారింది. ఆ తర్వాత చక్రపాణి ఏం అరిచాడో అతనికే తెలియదు. కళ్ళు మూసుకుని కుర్చీ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. ప్రమోద్ చప్పట్లు కొట్టి, ఇంకో టేక్ అక్కర్లేదన్నాడు.

"సార్, గట్ల అరిస్తిరేంది? జర గది తీసేపిద్దాం" అని శివరాములు చెవిలో చెప్పబోయాడు. చక్రపాణి అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు. తయారైన వీడియో అతను ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూడాలంటే భయం.

ఆదివారం సాయంత్రం సాక్ష్యానికని మమ్మల్నిద్దర్నీ ఇంటికి పిలిచాడు. దుర్గాంబగారు ఉల్లిపాయ పకోడీలు పెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చక్రపాణి టీవీలో వీడియో పెట్టి, తను మాత్రం గోడనున్న క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇదిగో, విశాఖలోనే అట. ఎవరో పంపారు. చూసి నువ్వే చెప్పు, వెళ్ళాలో వద్దో."

కొండ కనిపించింది. వాన మొదలైంది. ఆవిడ రిమోట్ తీసుకుని బొమ్మ ఆపేశారు.

"తర్వాత ఏమవుతుందో నేను చెప్పనా? నేల తడుస్తుంది. పొగా జెండా ఒకేవైపు పోతాయి. గడ్డి కోసేవాడు కొడవలి పారేసి పారిపోతాడు. అవునా శివరాములుగారూ?"

శివరాములు పకోడీ మింగలేక నా వంక చూశాడు. నేను క్యాలెండరు వంక చూశాను.

"నీకెలా తెలుసు?" అన్నాడు చక్రపాణి గోడతో.

"పొద్దున డెమోలో వేశారు. మా స్టూడెంట్స్ చేసిన లైవ్ ప్రాజెక్టు, ఒక క్లయింటు కోసం చేశాం అని ప్రమోద్ గారు పెద్ద తెర మీద చూపించారు. తప్పులేమైనా కనిపెట్టమన్నారు. హాలు నిండా జనం. ఎవరికీ దొరకలేదు."

"నీకూ దొరకలేదా?" అన్నాడు. భయంలోనూ కొంచెం గర్వం వినబడింది.

ఆవిడ రిమోట్ నొక్కారు. విమానం కిందికి జారింది, టీవీలోంచి చక్రపాణి గొంతు ఇల్లంతా మారుమోగింది.

"దుర్గా! ఓ దుర్గా! నా బీపీ మాత్రలెక్కడ పెట్టావే!"

పక్క ఫ్లాటువాళ్ళ తలుపు తెరుచుకుంది. చక్రపాణి నెమ్మదిగా ఇటు తిరిగాడు. అంత చిన్నబోయిన మొహాన్ని నేను ఆఫీసులో ఆడిట్ రోజున కూడా చూడలేదు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"వాన దొంగది, కొండ దొంగది, విమానం దొంగది," అన్నారు దుర్గాంబగారు. "ఆ అరుపొక్కటే ఒరిజినల్. హాల్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంత భయమైతే నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"ఒకసారి ఎక్కినవాణ్ణి కదా... ఎలా చెప్పను?"

"ఎక్కారా? ఢిల్లీ నుంచి విమానంలో ఎగిరొచ్చిన మనిషి నాగపూర్ కమలాలు ఎక్కడ కోశారండీ, మబ్బుల్లోనా? బుట్ట మీద స్టేషన్ పేరు కూడా ఉంది. అప్పుడే తెలుసు నాకు." తర్వాత నావైపు తిరిగారు. "ఈయనగారు తొన నములుతూ తలూపడం కూడా గుర్తుంది."

నేను పకోడీ పళ్ళెంలో పెట్టేశాను.

చక్రపాణి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "నిజమే దుర్గా. నాకు చచ్చేంత భయం" అన్నాడు. అని, ఆశగా, "అయితే రైల్లో వెళ్దామా?"

"టికెట్లు చెల్లెలు ఎప్పుడో తీసేసింది. కిటికీ సీటు నాది. మీరు పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకోండి. నేను మబ్బులు చూస్తాను, మీరు నన్ను చూడండి."

వెళ్ళారు. ఆవిడ మబ్బులు చూశారు. దూదిలా లేవట, సబ్బు నురగలా ఉన్నాయట. కాఫీ మాత్రం చాలా బాగుందట.

గృహప్రవేశం అయి వాళ్ళు తిరిగొచ్చిన వారానికి మా అపార్ట్‌మెంటు గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. "గుండె ఆగిపోయే విశాఖ ల్యాండింగ్" అని పేరు. వెనకసీట్లోంచి ఎవరో తీసినట్టుంది. కిటికీలోంచి ఎండలో మెరిసే సముద్రం కనబడుతోంది. గాలి లేదు, కుదుపు లేదు, విమానం మెత్తగా దిగుతోంది. మధ్యలో ఒక మగగొంతు పెట్టిన గావుకేకకి బొమ్మంతా ఒక్కసారి అదిరింది.

కింద జనం వాదించుకుంటున్నారు. గ్రాఫిక్స్ అని ఒకరు, ఏఐ అని ఒకరు. "గింత సాఫుగ దిగుతుంటె గట్ల ఎవడు మొత్తుకుంటడు? పక్కా ఫేక్" అని, చీరల బేరం కోసం ఆ గ్రూపులో చేరిన శివరాములు కూడా రాశాడు, స్నేహధర్మం కొద్దీ.

అందరూ దుర్గాంబగారి తీర్పు కోసం ఎదురుచూశారు. మధ్యాహ్నం వంటయ్యాక ఆవిడ జవాబు వచ్చింది.

"ఒరిజినలే. మాత్రలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి."