తొట్టె నట్టు మీద గీత

శుక్రవారం చంటిపాప ఫైజాకు నలభై రోజులు నిండుతాయి. చిల్లా వేడుక జరిపి, జుమ్మా నమాజు కాగానే పాపను మొదటిసారి తొట్టెలో వేయాలి. అందుకని నాయనమ్మ కుబ్రా బేగం సోమవారం పొద్దున్నే ఇనప తొట్టె తుడవడానికి కూర్చుంది. తుడుస్తుంటే నట్టు కంటపడింది. అది వదులైందేమోనని భయం పట్టుకుంది.

ఆమె కొడుకు అయూబ్‌ది క్రేన్ల బోల్టులు చూసే పని. బిగించిన నట్టు మీదుగా పక్క ఇనుము దాకా ఒక రంగు గీత గీస్తారట. గీత తెగి జరిగితే నట్టు కదిలినట్టట. రోజుకెంత జరిగిందో చూసి, ఎప్పటికి ఊడుతుందో ముందే చెబుతారట. అన్నం తింటూ వాడు చెప్పిందంతా ఆమెకు గుర్తుంది. కోడలు సనోబర్ గోళ్లరంగు తెచ్చి గీత గీసింది. కుబ్రా బేగం తన భయం ఇంట్లో అందరికీ చెప్పింది.

మంగళవారానికి గీత బియ్యపుగింజంత జరిగింది. ఆమె పానాతో కాస్త బిగించింది. బుధవారం ఇంకా జరిగింది. మళ్లీ బిగించింది. గురువారం మరీ జరిగింది. బిగించేకొద్దీ వదులవుతున్న నట్టును ఆమె ఎన్నడూ చూడలేదు. వేళ్ల మీద లెక్కేసింది: శుక్రవారం, జుమ్మా అయ్యేసరికి ఊడుతుంది.

శుక్రవారం పొద్దున చుట్టాలకు ఫోన్లు చేసి చిల్లా లేదు, రావద్దంది. చెడుమాట ఫోనులో అనకూడదని కారణం చెప్పలేదు. పాపకేమైందోనని దుబాయ్‌లోని నైఫ్ నుంచి ముగ్గురు ఆడవాళ్లు ఏడుస్తూ షార్జాలోని ఇంటికి వచ్చేశారు. కొడుకుకూ ఒక్క మాటే చెప్పింది, వెంటనే రమ్మని. అయూబ్ ముదీర్‌ను, అదే మేనేజరును, బతిమాలి హెల్మెట్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. పాప సనోబర్ భుజం మీద నిద్రపోతోంది. అప్పటికి గానీ అతను ఊపిరి తీసుకోలేదు. తర్వాత వంగి నట్టు చూశాడు.

"అమ్మా, ఇది ఊడే వైపు తిరగలేదు, బిగిసే వైపు తిరిగింది. ఎవరు తిప్పారు?"

"నేనే, రోజూ కొంచెం. నా మనవరాలు కదరా."

సనోబర్ తల వంచుకుంది. "అత్తమ్మను చూసి నాకూ భయమేసింది. వంటయ్యాక నేనూ ఒక తిప్పు తిప్పేదాన్ని."

అయూబ్ తండ్రి అల్లాబకాష్ గొంతు సవరించుకున్నాడు. ఆయన రోజూ డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బిగించేవాడు.

"ఖలాస్. ఇక ఊడమన్నా ఊడదు" అని నవ్వుతూ అయూబ్ పానా వేసి సడలించబోయాడు. బిగించి బిగించి సాగిపోయిన బోల్టు టక్కుమని విరిగింది. తొట్టె ఒక పక్కకు ఒరిగిపోయింది. కింద జుమ్మా ముగించుకుని జనం వీధిలోకి వస్తున్నారు.

సనోబర్ పాపను తెచ్చి అత్తమ్మ ఒళ్లో పడుకోబెట్టింది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని జోలపాట ఎత్తుకున్నారు.

కుబ్రా బేగం ముప్పై ఏళ్లుగా భయపడ్డవాటిలో నిజంగా జరిగింది ఇదొక్కటే. దానికీ ఇంటిల్లిపాదీ సాయం పట్టాల్సి వచ్చింది.