గంజి పెట్టిన బ్యానర్లు

భార్య ఎన్నికలో తాను గెలవాలని కొత్తవాడ బాలకిషన్ ఆ పొద్దున గట్టిగా నిర్ణయించుకున్నాడు. వార్డు మహిళలకు రిజర్వు కావడంతో, కార్పొరేటర్ కావాలన్న అతని చిరకాల కోరిక వినోద నెత్తిన పడింది. నామినేషన్ మీద సంతకం ఆమెది, పెత్తనం అతనిది. ఆమె గెలిస్తే తాను కార్పొరేటర్ భర్త అవుతాడు. మన దగ్గర అదీ ఒక పదవే కదా!

‘ప్లాస్టిక్ లేని వార్డు’ అన్న హామీ మాత్రం వినోద సొంతంగా ఇచ్చేసింది. ఇక ఫ్లెక్సీలు కట్టే దారి లేదు. బాలకిషన్ తన మరమగ్గం మీద నేసిన గుడ్డకే బొమ్మ అచ్చు వేయించాడు. తీరా కట్టి చూస్తే గుడ్డ ముడతలు పడి, అందులో వినోద ఏడుస్తున్నట్టు కనిపించింది.

మగ్గం ఇంట పుట్టినవాడికి గుడ్డ నిలబెట్టడం ఒకరు నేర్పాలా? గుండిగెడు గంజి కాచి, బాగా పట్టించి ఎండబెట్టాడు. బ్యానర్లు అప్పడాల్లా బిగిశాయి.

“ఏమయ్యా, గంజి గింత చిక్కగ పెడితే...” అంటూ వినోద ఏదో చెప్పబోయింది.

“నీకు రాజకీయం తెల్వదే. నువ్వు దండం పెట్టుకుంట తిరుగు. మిగతాది నేను చూసుకుంట.”

మర్నాడు పొద్దున గల్లీ గల్లీకీ కట్టిన బ్యానర్లు మధ్యాహ్నానికి మాయమయ్యాయి. తాళ్లు మాత్రం మిగిలాయి. ప్రత్యర్థి అభ్యర్థి భర్త రాంప్రసాద్ కట్టించిన ఫ్లెక్సీలు ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు.

“బావా, ఇంక సాక్ష్యమెందుకు? ఆని పనే!” అన్నాడు బామ్మర్ది హరీశ్.

బాలకిషన్‌కు అదే కావాలి. మనుషుల్ని పోగేసి, వినోదను పక్కన కూర్చోబెట్టుకుని నడిరోడ్డు మీద బైఠాయించాడు. “ఆడబిడ్డ బొమ్మ చింపినోడు ముక్కు నేలకు రాయాలె!” అని నినాదాలు మొదలయ్యాయి. హరీశ్ ఫోన్లో లైవ్ పెట్టాడు. ఆటోలు ఆగాయి, బస్సులు ఆగాయి, ఎస్సై వచ్చాడు, ఆయన వెనకే రాంప్రసాద్ పరుగున వచ్చాడు.

“భద్రకాళమ్మ మీద ఒట్టు! నేను ముట్టలే!”

“దొంగ ఒట్లు పెట్టకు!” అని బాలకిషన్ మైకులో గర్జించాడు.

అంతలో జనం కాళ్ల సందుల్లోంచి ఒక మేక వచ్చి నిలబడి, తీరిగ్గా నమలసాగింది. దాని నోట్లో దండం పెడుతున్న వినోద చేతులున్నాయి. తల అప్పటికే లోపలికి పోయినట్టుంది. వెనకే మేకల సమ్మమ్మ కర్ర పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

“ఓ బాలకిషన్! అంబలి కాచినట్టు గంజి పెట్టి గోడలకు కడ్తివి. పొద్దటిసంది నా మేకలు ఇంటి మొఖం చూస్తలెవ్వు!”

ఎస్సై కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. లైవ్ ఆపాలని హరీశ్‌కు తోచలేదు. రాంప్రసాద్ మైకు లాక్కున్నాడు.

“చూసిన్రా? బ్యానర్‌ను కాపాడుకోలేనోళ్లు వార్డును కాపాడుతరట!”

బాలకిషన్‌కు తల కొట్టేసినట్టయింది. రానున్న పదవి కళ్లముందే మేక కడుపులోకి పోతోంది. అప్పుడు వినోద లేచింది. రాంప్రసాద్ చేతిలోంచి మైకు తీసుకుంది.

“అన్నా, నా బ్యానర్‌ను మేక తిన్నది, అరిగించుకున్నది. పోయిన ఎలక్షన్ల నువ్వు కట్టిన ఫ్లెక్సీ ఇంకా మా మోరీల అడ్డం పడి ఉన్నది. వానొస్తే నీళ్లు ఇండ్లల్లకొస్తానయ్. దాన్నెవలు తినాలె? జర చెప్పు.”

ముందుగా ఆ మురికికాలువ పక్కింటి రమ చప్పట్లు కొట్టింది. ఆపైన గల్లీ మొత్తం కొట్టింది. ఆ వీడియో వార్డులో చేరని ఫోన్ లేదు. వినోద గెలిచింది.

బాలకిషన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గుడ్డ అయితే మళ్లీ మేకలు తింటాయని ముందుచూపుతో ఆలోచించి, చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో నిండా తనే ఉన్నాడు. వినోద మూలన తపాలా బిళ్లంత ఉంది.

ప్రమాణ స్వీకారం చేసి వస్తూ వినోద దాన్ని చూసింది. ఇంటికి పోకుండా అక్కడే నిలబడి కార్పొరేషన్ వాళ్లకు ఫోన్ చేసింది. వార్డులో మొట్టమొదటి జరిమానా రసీదు బాలకిషన్ పేరు మీద చిరిగింది.

పేరు పక్కన ‘కార్పొరేటర్ భర్త’ అని రాయమని మాత్రం అతనే అడిగాడు.