ఎల్లయ్య చావు, క్లబ్బు బతుకు

శుక్రవారం పొద్దున పళ్లు తోముకుంటూ గంగాధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కార్ఖానా శేట్‌ను బతిమాలి ఏడుగురు కుర్రాళ్లను మధ్యాహ్నం నుంచి విడిపించుకోవాలి, వాళ్లను గ్రౌండ్‌కు చేర్చాలి, మర్యాదగా ఓడిపోయి ఇంటికి రావాలి. గెలవడం అనేది ఆ పథకంలో లేదు. గంగాధర్ అత్యాశకు పోయే మనిషి కాదు.

అతను కార్యదర్శిగా ఉన్న భావనారుషి ఫుట్‌బాల్ క్లబ్బు జిల్లా లీగులో అన్నిటికంటే కింది డివిజన్లో ఆడుతుంది. దానికింద మరో డివిజన్ లేదు కనుక ఏళ్ల తరబడి అక్కడే నిలకడగా ఉంది. మరాఠీ ఊళ్లో తెలుగువాళ్ల వాడైన భవాని పేట్‌లో మరమగ్గాలు నడిపే కుర్రాళ్లే ఆటగాళ్లు. గోల్‌కు కట్టే వల కార్ఖానాల్లో మిగిలిన నూలుతో అల్లుకున్నది. ఉన్న ఒక్క బంతీ గంగాధర్ భార్య భాగ్యలక్ష్మి తన బీడీల బోనస్‌తో కొన్నది, ఆ సంగతి మొగుడు మరిచిపోకుండా ఆమె చూసుకుంటుంది. పూర్వం ఏటా చందా ఇచ్చే టవల్ వ్యాపారులు బజారు మందకొడిగా ఉందంటూ ఒకరి వెనక ఒకరు తప్పుకున్నారు. చివరి వ్యాపారి మాత్రం తప్పుకునే ముందు టీ తాగించాడు.

అసలు చిక్కు ఖాడాతో వచ్చింది. పని మానిన పూటను అక్కడ ఖాడా అంటారు. ఖాడా పడితే కూలి పడదు, దాన్ని క్లబ్బు తీర్చాలంటే క్లబ్బు దగ్గర బంతి తప్ప ఏమీ లేదు. కార్ఖానాలకు సెలవున్న ఆదివారం ఆడదామంటే ఆదివారాలన్నీ పెద్ద డివిజన్ల వాళ్లవి. లీగు కార్యదర్శి మంగేశ్‌కు గంగాధర్ ఫోన్ చేసి ఎంత మొత్తుకున్నా ఆయన కరగలేదు. ఇప్పటికే ఒకసారి మనుషులు చాలక, ఆడకుండానే ఓటమి ఒప్పుకుని వాకోవర్ ఇచ్చారు. రెండోసారి ఇస్తే లీగు జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మళ్లీ చేరడానికి కట్టాల్సిన డిపాజిట్ ఈ జన్మకు కూడబెట్టగలిగేది కాదు. షిఫ్టు దిగిన కుర్రాళ్లకు గుట్కా దుకాణం ముందు నిలబడడం కాకుండా వేరే దారి ఉందంటే అది ఈ క్లబ్బే. అది కాస్తా పోతే అందరూ మళ్లీ ఆ దుకాణం ముందుకే చేరతారని గంగాధర్ భయం.

ఆ ఏడుగురూ పనిచేసేది సిద్ధరాములు శేట్ కార్ఖానాలో. గంగాధర్ కూడా అక్కడే మగ్గాలు బాగుచేసే జాబర్. శేట్ మంచివాడే కానీ ఆ వారం టవళ్ల ఆర్డరు నెత్తిమీదుంది, ఒక్క మగ్గం ఆగినా ఒప్పుకునేలా లేడు. రాత్రంతా నిద్రలేక, పొద్దున తిండి సహించక, కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని గంగాధర్ వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఏంది గంగాధర్, గట్లున్నవ్? ఇంట్ల ఏమన్న అయిందా?" అన్నాడు శేట్.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గంగాధర్ తలవంచుకున్నాడు. "పోరగాండ్లను జర తొందరగ ఇడ్సిపెట్టాలె శేట్. ఏడ్గురు కావాలె."

ఏడుగురు మగవాళ్లు ఒక్కసారిగా ఎందుకు అవసరపడతారో శేట్ తనకు తానే అర్థం చేసుకున్నాడు. ఆయన గొంతు మెత్తబడింది. "కుంభారి ఎల్లయ్యేనా? మొన్న దవఖానల ఉన్నడన్నరు గదా."

కుంభారిలో ఉండే ఎల్లయ్య భాగ్యలక్ష్మికి మేనమామ. దవాఖానాలో ఉన్నమాట నిజమే. ఎవరింట్లోనో విందుకు పోయి, పెట్టింది పెట్టినట్టు తినడం వల్ల ఒక పూట సెలైన్ ఎక్కించి పంపారు. ఈ ముక్క చెప్పడానికి గంగాధర్‌కు ఒక్క క్షణం చాలు. కానీ ఆ క్షణంలో అతనికి లీగు జాబితా కనిపించింది, దాని మీద అడ్డంగా గీసిన గీత కనిపించింది, నోరు పెగల్లేదు. శేట్ నిట్టూర్చి, లేచి వెళ్లి మెయిన్ స్విచ్ దించేశాడు.

భవాని పేట్‌లో పాతకాలం నాటి ఆనవాయితీ ఒకటి ఉంది. మనవాళ్లలో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్లు పనిచేసే కార్ఖానా మొదట ఆగుతుంది. ఆ పూట ఎవరికీ ఖాడా వేయరు, కూలి శేటే ఇస్తాడు. ఆ నిశ్శబ్దం విని పక్క కార్ఖానా ఆగుతుంది, దాన్ని విని అవతలిది. రాత్రింబవళ్లు ఖటఖటలాడే గల్లీలు అవి. అక్కడ చప్పుడుకు ఎవరూ తలెత్తరు, చప్పుడు ఆగితేనే చేతిలో పని వదిలేసి బయటికొస్తారు. శేట్ కార్ఖానాతో మొదలైన మౌనం గల్లీ గల్లీ పాకి పేట్ చివరిదాకా పోయింది. ఏడుగురిని అడిగితే ఊరంతా ఖాళీ అయినందుకు గంగాధర్‌కు ముందు సంతోషం వేసింది, తర్వాత చెమట పట్టింది.

అతను ఇంటికి చేరేలోపే వార్త చేరింది. గల్లీకి పెద్దదిక్కైన పార్వతీబాయి భాగ్యలక్ష్మిని పట్టుకుని ఓదారుస్తోంది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చేటలు పక్కన పెట్టి చుట్టూ చేరారు. తనను ఎత్తుకుని పెంచిన మామ పోయాడని భాగ్యలక్ష్మి గుండెలు బాదుకుంటోంది. గంగాధర్ ఆమెను ఎలాగో వంటింట్లోకి తీసుకుపోయి చెవిలో నిజం చెప్పాడు.

ఆమె ఏడుపు ఠక్కున ఆగింది. మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. "అంటె నువ్వు మా మామను బంతాట కోసం సంపినవా?"

"నేను సంపలే. సచ్చిండని శేట్ అనుకుంటే కాదనలే, గంతే."

అంతలో పార్వతీబాయి తలుపు సందులోంచి తొంగిచూసింది. భాగ్యలక్ష్మి వెంటనే మళ్లీ అందుకుంది, ముందుకంటే గట్టిగానే. ఈసారి ఏడ్చింది తనకు దొరికిన మొగుడి గురించి కనుక నటించే అవసరం రాలేదు. గంగాధర్ పెరట్లోకి వెళ్లి ఎల్లయ్యకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఎల్లయ్య ఫోన్‌ను ఇంట్లో భద్రంగా పెట్టి ఊరు తిరిగే రకం. ఎత్తలేదు.

కెప్టెన్ వినాయక్ బూట్ల సంచీతో హుషారుగా వచ్చి, గుమ్మం ముందు జనాన్ని చూసి సంచీని వెనక్కి దాచుకున్నాడు. శేట్ అప్పటికే పెద్దరికం భుజాన వేసుకున్నాడు. ఇద్దరిని వెదురు బొంగులకు తోలాడు, ఇద్దరిని పిడకలకు, ఒకణ్ణి డప్పులవాళ్ల దగ్గరికి, వినాయక్‌ను, మిగిలినవాణ్ణి పూలకు. ఖాడా బాధ తప్పి బయటపడిన ఏడుగురూ పాడె పనుల్లో ఇరుక్కున్నారు. పార్వతీబాయి ఇత్తడి పళ్లెం పట్టుకుని చావు ఖర్చుకు ఇంటింటా చందా మొదలుపెట్టింది. శేట్ తన ఖర్చుతో రెండు టెంపోలు, ఒక వైకుంఠ రథం మాట్లాడి తెచ్చాడు. శవం కుంభారిలో ఉంది కనుక అందరం కలిసి పోదాం, పొద్దు గూకకముందే కార్యం అయిపోవాలి అన్నాడు.

కుంభారిలో శవం లేదు సరికదా, ఆ శవం ఈపాటికి ఏ టీ కొట్టు దగ్గరో బజ్జీలు తింటూ ఉంటుంది. వినాయక్ పూలబుట్టతో దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు: "కాకా, ఇగ మ్యాచ్ ఎట్ల?"

"గ్రౌండు తొవ్వలనే ఉంది. అంగీల కింద జెర్సీలు ఏస్కొమ్మను. కాలేజీ పోతున్న మనోళ్లు నల్గురు అక్కడికే వస్తరు" అన్నాడు గంగాధర్. గ్రౌండ్ దగ్గర ఏం చేయాలో మాత్రం అతనికే తెలియదు.

ఊరేగింపు అక్కల్‌కోట్ రోడ్డెక్కింది. ముందు వైకుంఠ రథం, అందులో డ్రైవరు పక్కన శేట్, శేట్ పక్కన గంగాధర్, వెనక టెంపోల నిండా తెల్లటోపీలు, వాటి మధ్య పళ్లెంతో పార్వతీబాయి. కదిలే ఓపిక లేదని భాగ్యలక్ష్మి ఇంటి దగ్గరే ఉండిపోయింది. నీలం నగర్ దాటాక గ్రౌండ్ కనిపించింది. గంగాధర్ గొంతు సవరించుకుని, మామ జవానీలో మన క్లబ్బులో బ్యాక్ ఆడిండు, ఈ గ్రౌండుకు ఒకసారి మొక్కి పోదాం అన్నాడు. ఆ ఆడిన సంగతి నిజమే. శేట్ కళ్లు తుడుచుకుని బండి ఆపించాడు. తొంభై నిమిషాల ఆటను ఒక దండంలో ఎలా ఇమడ్చాలన్న ప్రశ్నను గంగాధర్ తర్వాతకు వాయిదా వేశాడు.

గ్రౌండ్‌లో ఎదుటి జట్టు కొత్త బూట్లతో పరుగులు పెడుతోంది. మంగేశ్ వాకోవర్ రాయడానికి పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు. గేటులోంచి వైకుంఠ రథం రావడం చూసి ఆయన చేతిలోని పెన్ను అలాగే ఆగిపోయింది. శేట్ దిగి, ఈ క్లబ్బు పాత ఆటగాడు ఎల్లయ్య కాలం చేశాడని మరాఠీలో చెప్పాడు. మంగేశ్ టోపీ తీశాడు. ఇంత దుఃఖంలోనూ లీగు మాట తప్పకూడదని జట్టుతో వచ్చారా అని ఆశ్చర్యపోయాడు. ఇలాంటి రోజు ఆడించడం మనుషులు చేసే పని కాదని, ఎదుటి జట్టును కూడా ఒప్పించి, మ్యాచ్‌ను పెద్ద డివిజన్ల ఆటలకంటే ముందు, ఆదివారం పొద్దుటికి మార్చేశాడు. వాకోవర్ లేదు, ఖాడా లేదు. గంగాధర్ నిలబడ్డచోటే ఏడ్చేశాడు. మేనకోడలి మొగుడంటే ఇలా ఉండాలని టెంపోలో ఎవరో అన్నారు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఒక షేరింగ్ ఆటో ఆగి, అందులోంచి ఎల్లయ్య దిగాడు. భవాని పేట్‌లో బీడీలు అప్పజెప్పి కుంభారికి తిరిగొచ్చిన ఆడవాళ్లు భాగ్యలక్ష్మి ఇంటి ముందు జనం ఉన్నారని చెప్పారట. చావు తన మేనకోడలి ఇంట్లోనే అనుకుని, భుజాన కొత్త టవల్ వేసుకుని, ఉన్నపళాన బయల్దేరాడు. దారిలో వైకుంఠ రథాన్ని, దాని చుట్టూ తెలిసిన మొహాలను చూసి పరుగున వచ్చి గంగాధర్‌ను కావలించుకున్నాడు.

"ఎవలు పోయిండ్రు కొడకా? నా బిడ్డ మంచిగున్నదా?"

పార్వతీబాయి పళ్లెం గుండెకు అదుముకుంది. శేట్ ఎల్లయ్యను చూశాడు, గంగాధర్‌ను చూశాడు, ఖాళీ రథాన్ని చూశాడు. ఇక దాచేది ఏమీ మిగలలేదని గంగాధర్‌కు తెలిసిపోయింది. మంగేశ్‌కు తెలుగు రాదన్న ఒక్క ధైర్యంతో ఉన్నదంతా చెప్పేశాడు.

"తప్పు నాదే శేట్. మీరు ఎల్లయ్యనా అంటే కాదని అనలేకపోయిన. క్లబ్ పోతదని బుగులైంది. పోరగాండ్లకు ఇంకేమున్నది శేట్, ఈ బంతి తప్ప?"

శేట్ మొహం కందగడ్డలా అయింది. ఆయన మాట మీద పేట్ అంతా మగ్గాలు ఆపింది, అర్జెంటు ఆర్డరు మూలన పడింది. నోరు తెరవబోతుండగా మంగేశ్ దగ్గరికొచ్చి, ఈ పెద్దాయన ఎవరని మరాఠీలో అడిగాడు. అందరూ శేట్ వైపు చూశారు. నిజం చెబితే క్లబ్బు ఆ నిమిషానే పోతుంది, దాంతోపాటు ఆయన పరువూ పోతుంది. శేట్ కోపాన్ని మింగేసుకున్నాడు. చివరికి, పోయినాయన తమ్ముడు అన్నాడు.

మంగేశ్ ఎల్లయ్య భుజం మీద చేయి వేసి ఓదార్చాడు. మీ అన్నలాంటి ఆటగాళ్లు ఇప్పుడెక్కడున్నారు అన్నాడు. ఆయన జన్మలో ఎల్లయ్య ఆట చూసి ఉండడు, అయినా ఆ మాట మనసారా అన్నాడు. ఆడే రోజుల్లో ఒక్కరూ అనని మాట అది. ఎల్లయ్యకు నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. మంగేశ్ అటు వెళ్లాక టవల్‌తో మొహం తుడుచుకుని గంగాధర్‌తో అన్నాడు: "గింతేనా? క్లబ్ బత్కుతదంటె ఆదివారం దాంక సచ్చే ఉంట తియ్యి. జర అన్నం మాత్రం పెట్టున్రి."

శేట్ రథమెక్కి కూర్చున్నాడు. బండి కదిలాక, ఆదివారం గనక ఓడిపోతే తెచ్చిన వెదురు బొంగులు వృథా పోనివ్వనని గంగాధర్‌కు మెల్లగా చెప్పాడు. ఓడిపోవడం తప్ప వేరే పథకం లేని గంగాధర్ ఆ దారంతా గోల్ ఎలా కొట్టాలో ఆలోచించుకుంటూ కూర్చున్నాడు.

పేట్‌కు తిరిగొచ్చాక గంగాధర్ పార్వతీబాయి దగ్గర పళ్లెం అడిగి తీసుకుని, ఇంటింటికీ తిరిగి డబ్బులు వాపసు ఇవ్వబోయాడు. తిడతారని అనుకున్నాడు. తిట్టారు కూడా. కానీ డబ్బులు మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. చావు పేరున గడప దాటించిన పైసలు మళ్లీ లోపలికి తెచ్చుకోవడం అక్కడ లేదు. పళ్లెం వెళ్లినదానికంటే ఏమీ తగ్గకుండా పార్వతీబాయి దగ్గరికే తిరిగొచ్చింది. ఆమె దాన్ని అతని చేతికే తోసింది. "మాకెందుకు? సచ్చేదాని కోసం ఇచ్చినం. మీ క్లబ్ సస్తున్నదన్నవు గదా, దానికి పెట్టు."

ఏ వ్యాపారీ ఇవ్వని చందా అది. సీజనంతా కుర్రాళ్ల ఖాడాలకు సరిపోయి, ఒక కొత్త బంతికి కూడా మిగులుతుంది. అందులో సగం పది రూపాయల నోట్లే, పొగాకు వాసన వేస్తున్నాయి. రోజంతా చేటల మీద వంగి కూర్చునే ఆడవాళ్ల సంపాదన అది. ఇన్ని అబద్ధాల తర్వాత కూడా తనకు ఇంత దొరికినందుకు గంగాధర్ సిగ్గుపడ్డాడు, సంతోషపడ్డాడు. భాగ్యలక్ష్మి మాత్రం పళ్లెం లాక్కుని లెక్క తన దగ్గరుంటుందని చెప్పింది.

ఆదివారం పొద్దున గ్రౌండ్ చుట్టూ ఎన్నడూ లేనంత జనం. చందా వేసినవాళ్లంతా తమ డబ్బు ఎలా ఆడుతుందో చూడడానికి పిల్లాపాపలతో వచ్చారు. పదకొండుమందీ వచ్చారు. లీగు జాబితాలో క్లబ్బు పేరు ఉన్నచోటే ఉంది. మంగేశ్ మధ్యలోకి వచ్చి, ఆట మొదలుపెట్టే ముందు కీర్తిశేషుడైన ఎల్లయ్య గారి ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు.

అందరికంటే ముందు లేచి, టోపీ తీసి, తలవంచుకుని నిలబడ్డది ఎల్లయ్యే.