అమరేశప్ప నాలుగింతల వేగం

అమరేశప్ప ఇంటి ఫోనులో ఏదో దూరిందనీ, రెండు రోజులుగా తోక తొక్కిన పిల్లిలా అరుస్తోందనీ పక్కింటి హులిగెమ్మ నల్లా దగ్గర చెప్పిందట. నల్లా దగ్గర చెప్పింది కాబట్టి రాయచూరులో సగం మందికి తెలిసిపోయింది. ఆమె చెవిని అనుమానించే పని లేదు. పక్కపక్కనున్న ఆ రెండిళ్లకూ ఫోను నంబరు ఒకటే. అమరేశప్ప ఇంటి నుంచి గోడ మీదుగా వైరు లాగి ఆమె ఇంట్లో రెండో ఫోను పెట్టారు. రెండూ కలిసే మోగుతాయి. ఎవరు ఎత్తినా, పిలుపు పక్కింటివాళ్లకైతే చెంబుతో గోడకు రెండు దెబ్బలు కొడతారు.

అరిచింది ఫోను లైను మీదే ఇంటర్నెట్ తెచ్చే కొత్త మోడెం. శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీలో గుమస్తా అయిన అమరేశప్ప, ఆఫీసువాళ్లు తీసిపారేసిన పాత కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నాడు. ఈ పొద్దు పదింటికి పీయూసీ, అంటే ఇంటర్ ఫలితాలు ఇంటర్నెట్లో వస్తాయి. లెక్కల పరీక్ష రాసొచ్చిన నాటి నుంచి కూతురు శృతి సరిగ్గా తినడం లేదు. అందుకే నాలుగింతలు వేగంగా పోయే మోడెంను హైదరాబాదు నుంచి తెప్పించాడు.

"డబ్బా పాతది నాయినా. ఎంత పోసినా దాని గొంతుల దిగేంతనే దిగుతది" అంది శృతి. ఆయన వినలేదు. హులిగెమ్మ బెంగళూరులో ఉన్న తన తమ్ముడు పరశురామ్‌ను ఫలితాల బోర్డు చూసి ఫోను చెయ్యమన్నానని చెబితే నవ్వాడు కూడా.

పదింటికి లైను కలిసింది. తమ్ముడేమన్నా చేశాడేమోనని హులిగెమ్మ ఫోనెత్తింది. చెవిలో కీచుమంది, ఇక్కడ లైను తెగింది. ఎత్తొద్దని అమరేశప్ప గోడ మీది నుంచి మర్యాదగా చెప్పాడు. ఆయన పని అయిందో లేదో చూద్దామని ఆమె మళ్లీ ఎత్తింది. మూడోసారి ఎత్తేసరికి ఆయన కటింగ్ ప్లేయర్ తెచ్చి గోడ మీది వైరును కత్తిరించాడు.

అప్పటికి వీధివాళ్లంతా గదిలో చేరారు. తెర మీద సర్కారు ముద్ర పైనుంచి గీతగీతగా దిగుతోంది. అరగంటకు అందులోని జంతువుల కాళ్లు కనిపించాయి. తర్వాత శృతి పేరు, దాని కింద తండ్రి పేరు వచ్చాయి. అమరేశప్ప తన పేరును రెండుసార్లు చదువుకున్నాడు. కన్నడంలో డెబ్బై నాలుగు. దాని కింద లెక్కలు అన్న మాట దిగింది. అంకె ఇంకా బెంగళూరులోనే ఉంది. శృతి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

ఈలోపు హులిగెమ్మ తన ఫోను చచ్చిందని ఎక్స్చేంజికి పోయి, లైన్‌మన్ కనకప్పను వెంటబెట్టుకొచ్చింది. పిలిచిన గంటలో లైన్‌మన్ రావడం ఆ వీధి ఎన్నడూ ఎరగదు. కనకప్ప తెగిన వైరు చూసి, పని సక్రమంగా చెయ్యాలని ముందు అసలు లైనే విప్పి, తీరిగ్గా రెండూ కలిపాడు. తెర లెక్కల దగ్గరే ఆగిపోయింది.

మరుక్షణం ఫోను మోగింది. అమరేశప్ప లేచేలోపల పక్కింట్లో ఎత్తారు. గోడకు రెండు దెబ్బలు వినపడ్డాయి, ఆ వెనకే హులిగెమ్మ వచ్చింది.

"పరశురామ్ చేసిండు. లెక్కల్ల ఎనభై ఒకటంట. పాసయింది పిల్ల."

శృతి కళ్లు తెరిచి, అన్నం పెట్టమని తల్లిని అడిగింది. అమరేశప్ప మోడెం మీద చెయ్యేసి గదంతా కలయజూశాడు.

"చూసినవా అక్కా, పేపర్ల రేపొచ్చేది మన వీధికి ఇయ్యాల పదకొండున్నరకే ఒచ్చె."

"వాడు పదింటి సంది ఫోన్ కొడుతనే ఉండె. నీ డబ్బా అడ్డం లేకుంటే పిల్ల అప్పుడే బువ్వ తింటుండె" అంది హులిగెమ్మ.