ప్రెసిడెంటుగారి కండలు

ప్రజలు వ్యాయామం చెయ్యకపోవడానికి కారణం ఒళ్ళు వంగకపోవడం కాదనీ, మనసు వంగకపోవడమనీ తాలూకా బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని ప్రెసిడెంటు కామేశ్వరరావుగారు లేచి నిలబడి చదవాలి. ఆయన లేవాలంటే ఇద్దరు బంట్రోతులు కావాలి. ఆ రోజు ఒకడు సెలవు పెట్టాడు కనుక కూర్చునే చదివారు.

ఇంతకీ ఈ తీర్మానం ఎందుకంటే, కొత్త కలెక్టరు దొర పలాసలో రైలు దిగి, గుర్రం వద్దని టెక్కలి దాకా నడిచాడు. ఎదురేగిన పెద్దమనుషుల పొట్టలన్నీ కలయజూసి, "వ్యాయామం చేసే ప్రెసిడెంటుకే ఈ ఏడు రావుసాహెబు బిరుదు సిఫార్సు చేస్తాను. చలికాలంలో వచ్చి చూస్తాను. ఉత్సాహం మాత్రం లోపలి నుంచి రావాలి" అన్నాడు. ఆ బిరుదు కోసం కామేశ్వరరావుగారు పడని పాటు లేదు. మేనకోడలి పెళ్ళి శుభలేఖల్లో తన పేరు ముందు కాస్త జాగా వదిలి మరీ అచ్చు వేయించారు.

ఆయన వెంటనే ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న తన కొబ్బరితోట బంగళాకు మకాం మార్చారు. తెల్లవారుజామునే లేచి పడకకుర్చీలో కూర్చుని, ఉత్సాహం లోపలి నుంచి వస్తుందేమోనని చాలాసేపు చూశారు. ఆకలి వచ్చింది.

దారి చూపినవారు పురోహితుడు రమణమూర్తిగారు. ప్రెసిడెంటుగారి నడుంనొప్పికి ఏటా సూర్యనమస్కారాలు చేసేది ఆయనే. వంగి లేచేది పురోహితుడు, సంకల్పంలో పేరూ గోత్రమూ ప్రెసిడెంటుగారివి, ఫలం తిన్నగా వచ్చి ప్రెసిడెంటుగారి నడుముకు చేరుతుంది.

"వ్యాయామమైనా అంతేనండి. చెయ్యడానికి ఒక ఒళ్ళు దొరికితే చాలు. నా మోకాళ్ళు మాత్రం నమస్కారాలకే సరిపోతాయి" అన్నారాయన.

ఒంటి కోసం ఒడ్డునున్న పల్లె నుంచి సింహాద్రి అనే చేపలవాణ్ణి పిలిపించారు.

"రేపటి నుంచి పొద్దున్నే నా బదులు ఒడ్డు వెంట పరిగెత్తి బస్కీలు తియ్యాలిరా" అన్నారు ప్రెసిడెంటుగారు.

"పొద్దుట వల లాగుతాను కద బాబూ."

"అది పని. ఇది వ్యాయామం."

"తేడా ఏటి బాబూ?"

"పనిలో చేపలు వస్తాయి. వ్యాయామంలో ఏమీ రాదు."

"ఏటీ రానప్పుడు ఎందుకు సెయ్యడం?"

"అందుకు కావలసినదాన్నే ఉత్సాహం అంటార్రా. అది నేనిస్తాను."

వల తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది, వెయ్యనివాడికి ఉండదు. ఆ ఒడ్డున అంతకు మించిన చట్టం లేదు. పొద్దున్నే పరుగు పెడితే సింహాద్రి వాటా పోతుంది. అయితే తెప్పలు లాగి ఆరబెట్టుకునే ఇసక ప్రెసిడెంటుగారి పట్టాలో ఉంది. సింహాద్రి పరుగు పెట్టాడు. రమణమూర్తిగారు దూరంగా నిలబడి సంకల్పం చెప్పారు. ప్రెసిడెంటుగారు గొడుగు కింద పడకకుర్చీలోంచి శభాష్ అంటూ ఉత్సాహం ఇచ్చారు.

"సేపలేవీ?" అని అడిగింది ఇంటిదగ్గర సింహాద్రి భార్య రాజులమ్మ.

"ఉత్సాగం ఇచ్చినారే."

"అది కూరొండుకోడానికి అవుద్దేటి?"

కామేశ్వరరావుగారు ధర్మాత్ములు. తన వ్యాయామం చేసే ఒంటికి గంజి పొయ్యడం తనకే నామోషీ అని రోజూ పాలూ నువ్వులుండలూ పెట్టించారు. తమకూ అంత పరుగు తరువాత ఆకలి వెయ్యడం సహజమే కనుక మినపరొట్టెలు ఇంకాస్త ఎక్కువ తినసాగారు. చలికాలం దగ్గరపడేసరికి సింహాద్రికి కండలు తిరిగాయి. ప్రెసిడెంటుగారిని లేపడానికి మూడో బంట్రోతు కావలసివచ్చాడు.

"ఫలం నాకు చేరడం లేదేమిటండీ?" అని ఆయన దిగులుపడ్డారు. పాపం, నిజంగానే దిగులుపడ్డారు.

రమణమూర్తిగారు చాలాసేపు ఆలోచించి నాలిక కరుచుకున్నారు. చేసినవాడు చివర "నాది కాదు" అని ఫలం వదులుకోవాలి. తొందరలో ఆ మాట సింహాద్రి చేత అనిపించలేదు. ఫలమంతా వాడి దగ్గరే ఉండిపోయింది.

ప్రెసిడెంటుగారు ఆరోగ్యం దొంగతనం కింద సింహాద్రి మీద ఫిర్యాదు పెట్టారు. విన్నది ఆనరరీ మేజిస్ట్రేటు నారాయణమూర్తిగారు.

"దొంగసొత్తు ఎక్కడుంది?" అని అడిగారు మేజిస్ట్రేటు.

"వాడి ఒంటిమీదే ఉందండి" అని ప్రెసిడెంటుగారు సింహాద్రి జబ్బలు చూపించారు.

"నానేటీ తియ్యలేదు బాబూ. పరిగెట్టమన్నారు, పరిగెట్టినాను" అన్నాడు సింహాద్రి.

"పరిగెత్తితే వచ్చినదాన్ని ఏం చేశావు?"

"సెమటొచ్చింది బాబూ. ఆరిపోనాది."

మేజిస్ట్రేటుగారికి భోజనం వేళ అయింది. సొత్తు చేతికిచ్చేది కాదు కనుక, ముద్దాయి వల లాగేటప్పుడు ఫిర్యాదీ కూడా స్వయంగా అదే తాడు పట్టుకుని తన ఆరోగ్యాన్ని కొంచెం కొంచెంగా లాక్కోవలసిందని తీర్పు చెప్పి లేచారు.

మర్నాడు చుక్క పొడవకముందే కామేశ్వరరావుగారు బంట్రోతుల సాయం లేకుండా లేచారు. పల్లకీ వచ్చేదాకా ఆగలేక ఇసకలో పడి నడిచారు. పంచె గోచీ బిగించి, సింహాద్రి వెనక తాడు పట్టుకుని గుంజారు. అరచేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. సొంత ఆరోగ్యం కోసం పడకకుర్చీ దిగని మనిషి, అది పరాయివాడి ఒంట్లో ఉందని తెలిశాక ఒక్కపూట కూడా మానలేదు. పొట్ట తగ్గింది. పరుగు మాని మళ్ళీ తాడు మీద చెయ్యి వేశాడు కనుక సింహాద్రికి చేపల వాటా తిరిగి వచ్చింది.

దొర అన్న మాట ప్రకారం చలికాలంలో వచ్చాడు. నిలువెల్లా తడిసి తాడు గుంజుతున్న ప్రెసిడెంటుగారిని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇంత ఉత్సాహంగా ఎందుకు లాగుతున్నారు?" అని అడిగాడు.

"నాది కాబట్టి" అన్నారు ప్రెసిడెంటుగారు, వెనక్కి తిరక్కుండానే.

అంతకన్నా లోపలి నుంచి వచ్చిన ఉత్సాహాన్ని దొర తన సీమలో కూడా చూడలేదు. బిరుదు వచ్చింది. టెక్కలిలో సన్మానం జరిగింది. రావుసాహెబు కామేశ్వరరావుగారు వ్యాయామం గురించి కూర్చునే ఉపన్యసించారు.

మర్నాడు పొద్దున్న ఒడ్డుకు పడకకుర్చీ వచ్చింది, గొడుగు వచ్చింది, రమణమూర్తిగారు వచ్చారు. వెనకాలే సింహాద్రి బావమరిది పోలారావు వచ్చాడు.

"ఏటి బావా, ఇలాగొచ్చినావు?" అన్నాడు సింహాద్రి.

"రావుసాయెబుగోరి ఆరోగ్యం నీకాడ ఇంకా ఉండిపోనాదట. ఆరి బదులు దాన్ని లాక్కురమ్మని నాకు సెప్పినారు."

సింహాద్రి కాస్త పక్కకి జరిగి తాడు మీద చోటిచ్చాడు. "అట్టుకో మరి."

ఈసారి రమణమూర్తిగారు ఏమరలేదు. అనవలసిన మాట ముందే అనిపించారు. పోలారావు ఇసకలో కాళ్ళు తన్నిపెట్టి, "నాది కాదు, నాది కాదు" అంటూ తాడు లాగడం మొదలెట్టాడు.